సాబ్‌ని చంపింది తజుర్బాలు కాదు

మొన్న ఒక పాత దోస్త్‌తో చాయ్ దగ్గర బహస్ పడింది. బ్యాంకులో ఆఫీసరు. దివాలా తీసిన కంపెనీల ముచ్చట నడుస్తూ నడుస్తూ స్వీడన్ కార్ల కంపెనీ సాబ్ దగ్గర ఆగింది. "పేరు సాబ్ అని పెట్టుకున్నరు గానీ హిసాబ్ లేదు మియా! తిక్క తిక్క బండ్లు చేస్కుంటా కూసున్నరు, మునిగిన్రు" అన్నాడు.

నవ్వాను. జోక్ బాగుంది. మాట మాత్రం గలత్. ఇది మా వాడొక్కడి మాట అయితే చాయ్‌తో పాటే వదిలేసేవాణ్ని. కొత్తది చేసి చూసి, తర్వాత మూతపడిన ప్రతి కార్ఖానా మీదా వ్యాపారం రాసేవాళ్లు ఇదే ఫత్వా ఇస్తారు. 20 ఏళ్లకు పైగా అఖ్బార్‌లలో పనిచేసినవాణ్ని, ఇలాంటి వాక్యాలు నేనూ రాశాను. అందుకే జవాబు కూడా నేనే రాయాలనిపించింది.

నేను చదివింది ఉర్దూ మీడియం బడి. సైన్స్ పీరియడ్‌లో మాస్టర్ సాబ్ గాజు గొట్టం పట్టుకుని చేసి చూపించేదాన్ని తజుర్బా అనేవాళ్లం. ఇంటికొస్తే దాదా తన ఉమర్ అంతా కలిపి చెప్పే మాటా తజుర్బాయే. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక ఆ ఒక్క మాట రెండు ముక్కలైంది. ఒకటి ప్రయోగం, రెండోది అనుభవం. తెలుగు ఇచ్చిన ఆ స్పష్టతకి షుక్రియా. కానీ కంపెనీల లెక్కలు రాసేవాళ్లు ఈ రెండిటి మధ్య సందులోంచే బేఇమానీ చేస్తారు. ప్రయోగాన్ని ఖర్చు ఖాతాలో రాస్తారు. దాంతో వచ్చిన అనుభవాన్ని ఏ ఖాతాలోనూ రాయరు. అలా రాసిన లెక్కలో తజుర్బా ఎప్పుడూ నష్టమే చూపిస్తుంది.

సాబ్ కథని ఆ లెక్క పక్కన పెట్టి, మొదట్నుంచి చూద్దాం.

సాబ్ పుట్టింది 1937లో, విమానాలు చేయడానికి. జంగ్ ముగిసే రోజులకి యుద్ధ విమానాల ఆర్డర్లు తగ్గిపోతాయని, కార్లు చేద్దామనుకున్నారు. గున్నార్ యుంగ్‌స్ట్రమ్ అనే ఇంజనీరు కింద ఒక చిన్న బృందం, 16 మంది. దాదాపు ఎవరికీ కార్లు చేసిన అలవాటు లేదు. వాళ్లకి తెలిసింది విమానం రెక్క. సిక్స్టెన్ సాసొన్ గీసిన బొమ్మ కూడా అలాగే వచ్చింది, రెక్కని అడ్డంగా కోసి నేలమీద పెట్టినట్టు. 1946లో మొదటి బండి తయారైంది. ఉర్‌సాబ్ అన్నారు. మన భాషలో అసల్ సాబ్ అనుకోండి. రేకుని చేత్తో కొట్టి వంచారు. డీకేడబ్ల్యూ కారులోని చిన్న టూ-స్ట్రోక్ ఇంజన్ పెట్టారు, 18 హార్స్‌పవర్. నల్ల రంగు వేసి, ఎవరి కంటా పడకుండా తెల్లవారుజామున, రాత్రి పొద్దుపోయాక అడవి రోడ్లమీద తిప్పారు. లక్షల కిలోమీటర్లు తిప్పారు.

గాలి అడ్డు తగలకూడదని ముందు చక్రాలని కూడా రేకుతో కప్పేశారు. చూడ్డానికి ఖూబ్‌సూరత్. స్వీడన్ బురదలో, మంచులో తిప్పితే ఆ సందుల్లో అంతా ఇరుక్కుంది. అప్పుడు ఆ రేకు తెరిచారు. 1949 చివర్లో అమ్మకానికి తయారైన సాబ్ 92కి ముందు చక్రాలు బయటికి కనిపిస్తాయి. హిసాబ్ పుస్తకంలో ఆ మూసిన రేకు నాకామీ. కారు కొన్నవాడికి మాత్రం అది మంచులో ఆగిపోని బండి.

ఇప్పుడు మా దోస్త్ "తిక్క బండ్లు" అన్నవాటిలో అన్నిటికంటే తిక్కదాని సంగతి. 1959. సాబ్ దగ్గరున్నది మూడు సిలిండర్ల చిన్న టూ-స్ట్రోక్ ఇంజన్, 750 సీసీలోపు. దానితోనే రేసుల్లో పెద్ద బండ్ల వెంట పడాలి. పెద్ద ఇంజన్ చేయడానికి పైసా లేదు. ఏం చేశారు? అలాంటివి రెండు పక్కపక్కన పెట్టి ఒకే బానెట్ కింద బిగించారు. ఆరు సిలిండర్లు, 138 హార్స్‌పవర్. అందరూ దానికి మాన్‌స్టర్ అని పేరు పెట్టేశారు. రన్‌వే మీద 196 కిలోమీటర్ల వేగం అందుకుంది. కానీ ఆ రెండు ఇంజన్ల బోఝా అంతా ముందు చక్రాల మీదే. మలుపులో స్టీరింగ్ తిప్పితే బండి మాట వినేది కాదు. తిన్నగా పోతానంటుంది. వదిలేశారు.

మరి ఇది వృథాయేనా? ఈ దారి మూసుకుపోయిందని వాళ్లకి కాగితం మీద కాదు, చేతులతో తెలిసింది. టూ-స్ట్రోక్‌ని ఇంకా ఇంకా పిండి లాభం లేదని పట్టుబట్టినవాళ్లలో రోల్ఫ్ మెల్డె ఒకడు. ఈయన అంతకుముందే ఒక పాత కొట్టంలో, గుట్టుగా, కొద్దిమందిని వెంటేసుకుని సొనెట్ అనే ఫైబర్‌గ్లాస్ రేసు కారు చేసిన మనిషి. 1956లో స్టాక్‌హోంలో చూపించారు, మొత్తం ఆరే చేశారు. కంపెనీ పెద్ద మాత్రం టూ-స్ట్రోక్‌నే పట్టుకుని కూచున్నాడు. మెల్డె ఆయన వెనక నుంచి వెళ్లి, కంపెనీలో పెద్ద వాటాదారులైన వాలెన్‌బెర్గ్ ఖాందాన్‌తో నేరుగా మాట్లాడాడు. నౌకరీ పోయే పని అది. ఒప్పించాడు. చాలా ఇంజన్లు పరీక్షించి చివరికి ఫోర్డ్ వీ4 తీసుకున్నారు. 1967 మోడల్ నుంచి సాబ్ 96లో ఆ ఇంజనే. 96 ఆ తర్వాత 1980 దాకా బతికింది. మూసుకున్న దారి ఏదో తెలిసినవాడే తెరిచిన దారి కోసం అంత జిద్ చేయగలడు.

1960ల్లోనే ఇంకో బండి ఉంది. దాన్ని గుర్తుంచుకోండి, నా వాదన మొత్తం దానిమీదే నిలబడుతుంది. కొత్తగా, పెద్దగా సాబ్ 99 చేయాలి. బయటికి పొక్కకుండా రోడ్డు మీద పరీక్షించాలి. పాత 96 తీసుకుని, పొడుగునా మధ్యకి కోసి, 20 సెంటీమీటర్ల వెడల్పు కలిపి అతికారు. లోపల 99 భాగాలు, పైన ఉబ్బిన 96. కప్పలా ఉందని స్వీడిష్‌లో పాడ్డన్ అన్నారు. పరీక్ష బండ్లలో కొన్నిటికి పేరేమని తగిలించారో తెలుసా? దైహత్సు. స్టోర్‌లో దొరికిన మెరుపు అక్షరాలతో కూర్చగలిగిన పేరు అదే మరి. జపాన్ కంపెనీకి ఆ బండితో ఏ సంబంధమూ లేదు. లోపల జరుగుతున్న అసలు పనిని దాచడానికి వేసుకున్న ఝూటా బోర్డు అది. 1967 నవంబరులో 99 జనం ముందుకొచ్చింది. దాని తర్వాత వచ్చిన 99 టర్బో సాబ్‌కి దునియా అంతా పేరు తెచ్చింది.

అక్కడితో ఆగలేదు. 1985లో బ్యోర్న్ ఎన్వాల్ బృందం ఈవీ-1 అనే కారు చేసింది. పైకప్పంతా గాజు. ఆ గాజులో సోలార్ సెల్స్. అవి ఇంజన్ నడపడానికి కాదు. ఎండలో నిలిపి ఉంచిన కారులోని వేడి గాలిని ఒక ఫ్యాన్ బయటికి తోస్తూ ఉండాలి, బ్యాటరీ ఖర్చు కాకూడదు. అందుకు. మే నెలలో మధ్యాహ్నం కారు తలుపు తీసి సీటు మీద చెయ్యి పెట్టిన ఎవరికైనా ఈ ఖయాల్ విలువ చెప్పక్కర్లేదు. చలి దేశంవాళ్లకి వచ్చింది, చూడండి.

1992 నాటికి ఒక సాబ్ 9000లో స్టీరింగ్ చక్రమే తీసేశారు. డ్రైవర్ పక్కన చిన్న జాయ్‌స్టిక్. చెయ్యి కదిపితే వైర్ల ద్వారా చక్రాలకి కబురు. ప్రొమీథియస్ అని యూరప్ దేశాలు కలిసి నడిపిన పరిశోధనలో భాగం అది. స్టీరింగ్ రాడ్డే లేకపోతే గుద్దుకున్నప్పుడు డ్రైవర్ ఛాతీకి తగిలేదీ ఉండదని ఒక ఉమ్మీద్. మెల్లగా పోయేటప్పుడు బాగానే ఉంది, వేగంలో సన్నగా అదుపు చేయడం ముష్కిల్ అయింది. బజారుకి రాలేదు. చక్రానికీ టైరుకీ మధ్య ఇనప రాడ్డు లేని, వైరు మీదే నడిచే స్టీరింగ్ 2023లో టెస్లా సైబర్‌ట్రక్‌తో అమ్మకానికొచ్చినప్పుడు ప్రపంచం వాహ్వా అంది.

ఇక ఆఖరి పెద్ద తజుర్బా. దీని దగ్గర కొంచెం నిదానంగా నడుద్దాం. ఇంజన్‌లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ ఎంత నొక్కితే అదే చుక్క నుంచి అంత ఎక్కువ పని వస్తుంది. అయితే బరువు లాగేటప్పుడు మరీ నొక్కితే మిశ్రమం తనంతట తనే పేలి, లోపల సుత్తితో కొట్టినట్టు మోగుతుంది. మెకానిక్ భాయ్‌లు నాకింగ్ అనేది అదే. అందుకని ప్రతి ఇంజన్‌కీ మధ్యేమార్గంగా ఒక అంకె ఖాయం చేసేస్తారు. సాబ్ ఇంజనీర్లు అడిగిన సవాల్ ఒక్కటే. ఆ అంకె ఎందుకు ఖాయంగా ఉండాలి?

వాళ్లు ఇంజన్‌ని నడుము దగ్గర రెండు ముక్కలు చేసి, పై భాగాన్ని కింది భాగం మీద 4 డిగ్రీల దాకా వాలేలా కట్టారు. వాలినప్పుడు లోపలి ఖాళీ పెరుగుతుంది, నొక్కుడు తగ్గుతుంది. నిలబడితే మళ్లీ ఎక్కువవుతుంది. 8 నుంచి 14 దాకా, పరిగెత్తుతుండగానే మారుతుంది. 1.6 లీటర్ల ఐదు సిలిండర్ల ఇంజన్, సూపర్‌చార్జర్‌తో 225 హార్స్‌పవర్. అంతే బలమున్న మామూలు ఇంజన్ కంటే 30 శాతం దాకా పెట్రోలు మిగులుతుందని దావా. 2000లో జెనీవా మోటార్ షోలో దీన్ని చూపించారు. పేరు ఎస్‌వీసీ.

అదే 2000లో అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్, అప్పటికే సగం కొన్న సాబ్‌లో మిగతా సగమూ కొనేసింది. కొంతకాలానికి ఖరీదెక్కువని ఎస్‌వీసీని పక్కన పెట్టేశారు. సరిగ్గా అదే 8 నుంచి 14 మధ్య మారే ఇంజన్ 2018లో నిస్సాన్ వాళ్ల ఇన్ఫినిటీ కారులో షోరూమ్‌కి వచ్చింది. నిస్సాన్ చోరీ చేసిందని నేననడం లేదు. వాళ్లు వాల్చడం కాకుండా పిస్టన్ కింద లింకులు మార్చే పద్ధతి కనిపెట్టారు, దానికి వాళ్లూ ఏళ్లకేళ్లు మెహనత్ చేశారు. నేననేది ఒకటే. ఆ సవాల్ పిచ్చిది కాదని, జవాబు దొరికేదేనని రుజువైంది. ఒకరు దానికి వఖ్త్ ఇచ్చారు, ఇంకొకరు ఇవ్వలేదు.

మరి ఆ డబ్బు పెట్టని కంపెనీ దేనిమీద పెట్టింది? ఇక్కడ పాడ్డన్ గుర్తుకు తెచ్చుకోండి. 2005 మోడల్‌గా అమెరికాలో సాబ్ 9-2ఎక్స్ అని ఒక కారు అమ్మారు. అది జపాన్‌లో తయారైన సుబారు ఇంప్రెజా. ముక్కూ తోకా మార్చి సాబ్ బోర్డు తగిలించారు. జనం సాబారు అని వెక్కిరించారు. అదే ఏడు సాబ్ 9-7ఎక్స్ వచ్చింది. అది ఒహాయోలో చేసిన షెవర్లే ట్రెయిల్‌బ్లేజర్. సాబ్ ఇంజనీర్లు 99 రోజుల నుంచి తాళంచెవి స్థలాన్ని స్టీరింగ్ పక్క నుంచి సీట్ల మధ్యకి మార్చారు, గుద్దుకున్నప్పుడు మోకాలికి తగలకుండా ఉంటుందని. ఆ షెవర్లేలో కూడా తాళంచెవిని మధ్యకి జరిపారు! ఆలోచన మాత్రం రాలేదు, దాని గుర్తు ఒక్కటే వచ్చింది.

పాడ్డన్ మీద ఝూటా బోర్డు లోపలి తజుర్బాని దాచింది. 9-2ఎక్స్ మీద సాబ్ బోర్డు లోపల తజుర్బా లేదన్న సంగతిని దాచింది. సాబ్ ఏ రోజు మునిగిందో చెప్పమంటే నేను ఆ రెండు బోర్డుల మధ్య ఎక్కడో వేలు పెడతాను.

మా దోస్త్ వైపు నుంచి కూడా మాట్లాడాలి, లేకపోతే ఇన్సాఫ్ కాదు. సాబ్ చిన్న కంపెనీ. ఎంత బాగా అమ్ముడైన ఏడాదైనా లక్షన్నర కార్లు దాటలేదు. జనరల్ మోటార్స్ చేతిలో ఉన్న ఇరవై ఏళ్లలో లాభం కళ్లజూసిన ఏళ్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పైనుంచి ఇచ్చిన ప్లాట్‌ఫామ్‌ని ఉన్నదున్నట్టు వాడకుండా మళ్లీ మళ్లీ మార్చి ఖర్చు పెంచారన్న ఫిర్యాదూ నిజమే. కొత్త ఇంజన్ ఒకటి బజారుకి తేవాలంటే ఎంత పైసా కావాలో, చూపించడానికి చేసిన ఒక నమూనాకీ లక్ష బండ్లకీ తేడా ఎంతో నాకూ తెలుసు. ప్రతి తజుర్బానీ అమ్మకానికి తేవాలని అడిగేవాడు నాదాన్.

నేనడిగేది అది కాదు. మాన్‌స్టర్ అమ్మకానికి రాలేదు, జాయ్‌స్టిక్ రాలేదు. దానికి ఎవరూ ఏడవలేదు. ఆ కార్ఖానాలో నాకామ్ అయిన బండి పక్కనే దాన్ని చేసిన ఉస్తాద్ ఉన్నాడు, పక్కన షాగిర్ద్ ఉన్నాడు, రేపటి బండి గీతల్లో ఉంది. ఆ సిల్‌సిలా తెగకుండా ఉన్నన్నాళ్లు చిన్న కంపెనీ పెద్దవాళ్ల మధ్య బతికింది. చిన్నవాడికి ఉన్న ఒకే ఒక్క పూంజీ అది. బోర్డు మార్చి అమ్మే పనిలో పెద్దవాడితో చిన్నవాడు ఎప్పటికీ గెలవలేడు. షెవర్లే కావలసినవాడు షెవర్లేనే చవగ్గా కొనుక్కుంటాడు, సాబ్ బోర్డుకి ఎక్కువ ఎందుకిస్తాడు?

2010లో జనరల్ మోటార్స్ సాబ్‌ని స్పైకర్ అనే చిన్న డచ్ కంపెనీకి వదిలించుకుంది. ఏడాది తిరిగేసరికి జీతాలకి కటకట. చైనా కొనుగోలుదార్లు ముందుకొచ్చారు. కానీ కార్ల లోపలి టెక్నాలజీలో చాలా భాగం లైసెన్సులు జనరల్ మోటార్స్ చేతిలోనే ఉన్నాయి. చైనాలో తన వ్యాపారానికి దెబ్బ అని ఆ సౌదాకి మేం ఒప్పుకోం అంది. 2011 డిసెంబరు 19న ట్రోల్‌హెట్టన్ పట్టణంలోని సాబ్ దివాలా దాఖలు చేసింది. 3 వేలకు పైగా కార్మికుల నౌకరీలు పోయాయి. క్రిస్మస్‌కి ఆరు రోజుల ముందు.

ఇంకా అసలైన దర్ద్ ఆ తర్వాతే. బాకీలు తీర్చడానికి వేలానికి పెట్టిన మాల్‌లో కంపెనీ మ్యూజియం కూడా ఉంది. ఉర్‌సాబ్, మాన్‌స్టర్, పాడ్డన్, ఈవీ-1, అన్నీ. 120కి పైగా బండ్లు. 2012 జనవరిలో బేరం పిలిచారు. ఎవరెక్కువ ఇస్తే వాళ్లకి. ముక్కలు ముక్కలుగా రయీసుల గ్యారేజీల్లోకి పోయేవే. చివరికి ట్రోల్‌హెట్టన్ మునిసిపాలిటీ, విమానాల కంపెనీ సాబ్ ఏబీ, వాలెన్‌బెర్గ్ ఫౌండేషన్ మూడూ కలిసి 2 కోట్ల 80 లక్షల క్రోనార్‌లకి మొత్తం కొని ఊళ్లోనే నిలబెట్టాయి. అల్‌హమ్‌దులిల్లా అనాలి. కానీ అది కానూన్ చేసిన పని కాదు. ఆ ఊరికి పైసా పుట్టింది, ఒక పెద్ద ఖాందాన్‌కి మనసు పుట్టింది, అంతే. అవి లేని ఊరి సంగతేంటి?

మన పెద్దలు ఒక మాట వాడతారు, అమానత్. నీ దగ్గర పెట్టింది నీ ఆస్తి కాదు, దాచమని ఇచ్చింది. దాన్ని పాడు చేస్తే ఖయానత్. కంపెనీ కొన్నవాడు షెడ్లకి, యంత్రాలకి మాలిక్ అవుతాడు. తరాలుగా వందల చేతుల్లో కూడిన తజుర్బాకి మాత్రం అతను అమీన్ మాత్రమే. వాడుకోవచ్చు, సంపాదించుకోవచ్చు. వాడకుండా తాళం వేసి, ఇంకొకరు వాడబోతే అడ్డం పడే హక్ అతనికెవరిచ్చారు?

పేటెంట్ కాగితాలు 20 ఏళ్లకి తెరుచుకుంటాయి కదా అంటారు. తెరుచుకుంటాయి. కానీ ఇంజన్ నడుము దగ్గర ఆ రబ్బరు తొడుగు ఎన్నోసారికి చిరగడం మానేసిందో, ఎందుకు మానేసిందో పేటెంట్‌లో ఉండదు. అది పరీక్షల రిజిస్టర్లలో, విరిగిన ముక్కల్లో, రిటైరైపోయే ఉస్తాద్ బుర్రలో ఉంటుంది. వాటికే వారసుడు లేడు.

కాబట్టి నా ముతాలిబా సాఫ్‌గా చెప్తాను. ఏ కార్ఖానా దివాలా తీసినా నమూనా బండ్లు, గీతలు, పరీక్షల రికార్డులు ముందు విడిగా లెక్క కట్టాలి. వాటి మీద హక్కే షుఫా ఉండాలి. ఇల్లు అమ్మితే కొనడానికి మొదటి హక్ పొరుగువాడిదని పాత రివాజ్ ఉంది చూశారా, అది. ఇక్కడ పొరుగువాడంటే ఆ ఊరు, ఆ ఊరి కాలేజీ, అక్కడ పనిచేసిన కార్మికులు. ధర చెల్లించే తీసుకోవాలి, ఎందుకంటే ఆ వేలం డబ్బులో బాకీదారుల వాటా ఉంటుంది. ట్రోల్‌హెట్టన్‌లో జరిగిందీ అదే, ఎవరి బాకీ ఎగ్గొట్టలేదు. ఇత్తెఫాఖ్‌గా జరిగినదాన్ని కానూన్ చేయమంటున్నా. రెండోది, కొని పడావు పెట్టిన టెక్నాలజీని సరైన కిరాయికి అడిగినవాడికి ఇవ్వాల్సిందే అని ఉండాలి.

ఒక చిన్న ముచ్చట చెప్పి ఆపుతా. దివాలా తర్వాత 2012లో ఆ కార్ఖానాని కొన్న నెవ్స్ అనే కంపెనీ కూడా నిలదొక్కుకోలేక 2023లో పని ఆపేసింది. ఆపేశాక తెలిసింది, లోపల ఆరు ఎలక్ట్రిక్ బండ్లు చేసి పెట్టారని. ఎమిలీ అని పేరు. నాలుగు చక్రాల్లో నాలుగు మోటర్లు. చేసినవాళ్లలో సాబ్ రోజుల నుంచి ఉన్నవాళ్లూ ఉన్నారు. కంపెనీ పోయింది, పేరు వాడుకునే ఇజాజత్ కూడా పోయింది, యజమానులు మారిపోయారు. ఆ చేతులు మాత్రం ఇంకా కొత్త బండి చేస్తూనే ఉన్నాయి.

మా బ్యాంకు దోస్త్‌కి ఇదంతా చెప్పాను. చాయ్ చల్లారింది. "అయితే ఏ ఖాతాలో రాయాలె మియా?" అని అడిగాడు. కనీసం సవాల్ సరైనది అడిగాడు. జవాబు వాడి బ్యాంకువాళ్లూ, కానూన్ రాసేవాళ్లూ కూచుని తేల్చాలి. ఖర్చు ఖాతాలో మాత్రం కాదు.